అమ్మబోయే ఇంటి మీద ఖర్చు పెడుతున్నారా? ముందు బ్యాంకు లెక్క చూడండి

ఈ రోజు ఎపిసోడ్ ఇళ్ళ గురించి. కొనడం గురించి కాదు, దాని మీద వీడియోలకి కొదవ లేదు. అమ్మబోయే ఇంటి మీద డబ్బు పెట్టాలా వద్దా, పెడితే ఎక్కడ పెట్టాలి, అదీ ఇవాళ్టి విషయం.

"ఇల్లు అమ్మే వయసు మాకింకా రాలేదన్నా" అంటారేమో. నిజమే, ఇల్లు నాన్న పేరు మీదో తాతయ్య పేరు మీదో ఉంటుంది. కానీ ఇంట్లో ఫోన్ పట్టుకుని రేట్లు వెతికేది మీరే. "మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే ఇంటికి రేటు వస్తుందంట నాన్నా" అని చెప్పేదీ మీరే. వాళ్ళు మీ మాట నమ్మి ఎఫ్‌డీ విరగ్గొడతారు. అందుకే ఈ లెక్క మీకు తెలియాలి.

మా మావయ్య సంగతే తీసుకుందాం. చోడవరంలో ఆయనది ఇరవై రెండేళ్ళ నాటి డాబా ఇల్లు. రిటైర్ అయ్యాడు. ఆ ఇల్లు అమ్మేసి వైజాగ్‌లో కూతురికి దగ్గరగా చిన్న ఫ్లాట్ తీసుకోవాలని ఆలోచన. చేతిలో ఆరు లక్షలున్నాయి. పెళ్ళి ఖర్చులు పోగా మిగిలింది అదొక్కటే. ఎవరో చెప్పారట, ఆ ఆరూ ఇంటికి పెట్టి హాల్లో పీవోపీ సీలింగ్, కొత్త కిచెన్, టైల్స్ చేయిస్తే పన్నెండు లక్షలు ఎక్కువ వస్తాయని. నాకు ఫోన్ చేసి, "ఏటిరా, నువ్వు ఇంజనీరువి గదా, నిజంగా వస్తాదా?" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్స్ అని ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా ఇంజనీరంటే ఇంజనీరే. సరే, కూర్చుని లెక్క వేశాను.

ఇల్లు అని మనం ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో రెండు వస్తువులున్నాయి. కింద స్థలం, పైన కట్టడం. స్థలం రేటు పెరగొచ్చు, కొన్నాళ్ళు ఆగొచ్చు, కానీ స్థలం అరిగిపోదు. కట్టడం మాత్రం మన బైక్ లాంటిది. కొన్న రోజు నుంచి తగ్గుతూనే ఉంటుంది. ఎంత మెరిసేలా తుడిచినా ఆర్సీలో ఉన్న సంవత్సరం మారదు కదా.

ఇప్పుడు అంకెలు. స్క్రీన్ మీద పెట్టాను, చదివేవాళ్ళ కోసం ఇక్కడ కూడా చెప్తా. ఇవి లెక్క అర్థమవడానికి అనుకున్న రేట్లే, మీ వీధి రేట్లు మీరు వేసుకోండి. స్థలం 150 గజాలు, గజం 20,000 అనుకుందాం. అంటే 30 లక్షలు. ఇల్లు 1,000 చదరపు అడుగులు. ఇవాళ కొత్తగా కట్టాలంటే అడుగుకి 2,000 అనుకుంటే 20 లక్షలు. కొనేవాళ్ళు లోన్‌కి వెళ్తే బ్యాంకు ఒక వాల్యుయర్‌ని పంపిస్తుంది. ఆయన శ్లాబు ఇంటికి సాధారణంగా 60 ఏళ్ళ ఆయుష్షు వేసి, చివర్లో పది శాతం విలువ మిగులుతుందని పట్టుకుని, ఏడాదికి ఒకటిన్నర శాతం చొప్పున తరుగు తీస్తాడు. 22 ఏళ్ళకి 33 శాతం పోయింది. 20 లక్షల కట్టడం 13 లక్షల 40 వేలు అయింది. స్థలంతో కలిపి మొత్తం 43 లక్షల 40 వేలు.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి బ్యాంకు ఇవ్వగలిగేది ఆస్తి విలువలో గరిష్ఠంగా 80 శాతం. అంటే ఇక్కడ 34 లక్షల 72 వేలు. మిగతా 8 లక్షల 68 వేలు కొనేవాళ్ళ జేబులోంచి రావాలి. పైన రిజిస్ట్రేషన్ ఖర్చు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అదొక 3 లక్షల పాతిక వేలు. మొత్తం మీద కొనే మనిషి దాదాపు 12 లక్షలు సొంతంగా తెచ్చుకోవాలి.

ఇప్పుడు మావయ్య ఆరు లక్షలు పెట్టి సీలింగ్, కిచెన్ చేయించి రేటు 50 లక్షలు చెప్పాడనుకోండి. వాల్యుయర్ వస్తాడు, సీలింగ్ వైపు చూస్తాడు, బావుందంటాడు. కానీ ఆయన ఫారంలో స్థలం, కట్టిన కొలత, వయసు ఇవే బరువైన గళ్ళు. పీవోపీ డిజైన్‌కి మహా అయితే కొద్దిగా అటూ ఇటూ చేస్తాడు. లోన్ దాదాపు అదే 34 లక్షల 72 వేల దగ్గర ఆగిపోతుంది. కొనేవాళ్ళు తెచ్చుకోవాల్సింది 15 లక్షల 28 వేలు, రిజిస్ట్రేషన్‌కి 3 లక్షల 75 వేలు. మొత్తం 19 లక్షలు.

చూశారా? మనం రేటు పెంచింది ఆరున్నర లక్షలే. కానీ కొనేవాడి చేతి డబ్బు 12 నుంచి 19 లక్షలకి వెళ్ళిపోయింది. చోడవరంలో ఇల్లు కొనేది ఎవరు? టీచర్లు, ఉద్యోగులు, పరవాడ ఫార్మా, అచ్యుతాపురం సెజ్ కంపెనీల్లో చేసేవాళ్ళు, మాడుగుల, రావికమతం, బుచ్చెయ్యపేట వైపు పల్లెల నుంచి పిల్లల చదువు కోసం వచ్చేవాళ్ళు. పన్నెండు లక్షలు పోగేయగలిగే కుటుంబాలు కొన్ని ఉంటాయి. పందొమ్మిది పోగేయగలిగేవి బాగా తక్కువ. ఆ స్థాయి వాళ్ళు "ఇంకొంచెం వేస్తే అనకాపల్లిలోనే చూసుకోవచ్చు కదా" అంటారు. అంటే మనం డబ్బు ఖర్చు పెట్టి మరీ కొనేవాళ్ళని తగ్గించుకున్నాం.

కాబట్టి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఈ పని చేయిస్తే మన ఇల్లు కొనగలిగేవాళ్ళు పెరుగుతారా, లేక బేరంలో రేటు కోయడానికి వాళ్ళకున్న కారణం ఒకటి పోతుందా? రెండూ కాకపోతే అది మన సరదా. సరదా తప్పు కాదు. ఇంకో పదేళ్ళు అందులో ఉండేటట్టయితే కిచెన్ చేయించుకోండి, అత్తయ్య హాయిగా వండుకుంటుంది. అమ్మడానికి మాత్రం కాదు.

ఈ పరీక్షలో ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యేది ఇటుక, సిమెంటు ఏదీ కాదు. కాగితాలు. నవ్వకండి. లోన్ రాని ఇల్లు కొనేది పూర్తి డబ్బు చేతిలో ఉన్నవాడు ఒక్కడే, వాడు లక్షలు తగ్గించి అడుగుతాడు. లోన్ వచ్చే ఇల్లయితే ఊళ్ళో జీతగాళ్ళందరూ మీ గుమ్మం ముందుకి రావచ్చు.

మొదట ఈసీ తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఫోన్‌లోనే చూడొచ్చు. ఎప్పుడో తీర్చేసిన తనఖా ఇంకా అందులో కనిపిస్తుందేమో చూడండి. తర్వాత దస్తావేజు, ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు మూడూ పక్కపక్కన పెట్టండి. దస్తావేజులో తాతయ్య, పన్ను నాన్న పేరు మీద, మీటరు చనిపోయిన పెదనాన్న పేరు మీద, మనూళ్ళలో ఇది మామూలు విషయం. ఇంటి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. హద్దుల్లో తూర్పు, పడమర తారుమారైతే సవరణ దస్తావేజు రాయించుకోవాలి. తాతయ్య పోయాక అన్నదమ్ములు నోటి మాట మీద పంచుకుని ఉంటే, భాగపరిష్కార దస్తావేజు రిజిస్టర్ చేయించకుండా అమ్మకం మాట ఎత్తకండి. బేరం కుదిరాక దుబాయ్‌లో ఉన్న బాబాయి సంతకం కోసం ఎదురుచూస్తుంటే, కొనేవాడు ఎదురుచూడడు.

ఒక చిన్న విషయం. చోడవరం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. పాత కాగితాల్లో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. అది తప్పు కాదు, దానికోసం ఎవరికీ డబ్బులిచ్చి "మార్పించక్కర్లేదు".

గ్రామకంఠం స్థలాలది వేరే కథ. ఊరి నడిబొడ్డున తరతరాలుగా ఉంటున్న ఇల్లు, పన్ను కడుతున్నారు, కానీ దస్తావేజే లేదు. ఇలాంటి ఇళ్ళకి లోన్ దగ్గరే బండి ఆగిపోతుంది. కేంద్రం 2020లో స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. పల్లెల్లో ఇళ్ళున్న ప్రాంతాన్ని డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులిచ్చే పథకం. మీ ఊళ్ళో అది ఎంతవరకు వచ్చిందో సచివాలయంలో అడగండి. ఆ కార్డు చేతికొస్తే అది ఏ టైల్స్ కన్నా పెద్ద ఇంప్రూవ్‌మెంట్.

మావయ్యకి ఇంకో ఆలోచన కూడా ఉంది, పైన ఒక పోర్షన్ లేపేసి అద్దె చూపిద్దామని. అద్దె వచ్చే పోర్షన్ ఉంటే కొనేవాళ్ళకి ఈఎంఐలో సాయం, ఇష్టపడతారు. కానీ ప్లాన్ లేకుండా కడితే వాల్యుయర్ ఆ అంతస్తుని లెక్కలోకి తీసుకోకపోవచ్చు, బ్యాంకు మొత్తం ఫైలే పక్కన పెట్టొచ్చు. అనుమతి లేని కట్టడాల్ని జరిమానాతో క్రమబద్ధీకరించే బీపీఎస్‌లు ప్రభుత్వాలు అప్పుడప్పుడు తెస్తుంటాయి నిజమే. దాన్ని నమ్ముకుని ఇవాళ పిల్లర్లు లేపకండి. ఇక ఆరు లక్షలతో సగం కట్టి ఆపేస్తే ఇంకా ఘోరం. ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి, వచ్చినవాళ్ళు "డబ్బు ఇబ్బందేమో, ఇంకా తగ్గిస్తారు" అనుకుంటారు.

ఇప్పుడు నీళ్ళు. కాగితాల తర్వాత నా ఓటు దీనికే. మనది సముద్రం గాలి తగిలే ప్రాంతం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వాన, అక్టోబరు, నవంబరులో తుఫాన్లు. ఇల్లు చూడ్డానికి వచ్చిన పెద్దాయన హాల్లో డిజైన్ చూడడు, గోడ మూల చెయ్యి పెడతాడు. చెమ్మ తగిలిందంటే ఆయన బుర్రలో మీటరు తిరగడం మొదలవుతుంది. బాగుచేయడానికి ఎనభై వేలయ్యే లీకుకి నాలుగు లక్షలు తగ్గించి అడుగుతాడు. ఎందుకంటే ఆయనకి కనబడేది మచ్చ, భయపడేది శ్లాబులో చువ్వ తుప్పు పట్టిందేమోనని. తెలియని రోగానికి మనిషి ఎక్కువే ఊహించుకుంటాడు.

అందుకని ముందు డాబా ఎక్కండి. వాన నీళ్ళు గొట్టాల వైపు పోతున్నాయా, ఎక్కడైనా నిలుస్తున్నాయా? పిట్టగోడ, శ్లాబు కలిసే మూల పగుళ్ళు ఉన్నాయా? చాలా ఇళ్ళలో నీళ్ళు దిగేది సరిగ్గా అక్కడే. పనిచేయించాక గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి కింద సీలింగ్ చూడండి, అప్పుడే మేస్త్రీకి మిగతా డబ్బివ్వండి. బాత్రూమ్‌కీ ఇదే పరీక్ష. బాత్రూమ్ వెనక గోడకి పెయింట్ ఊడుతోందంటే తప్పు పెయింట్‌ది కాదు, లోపల పైపుదో టైల్స్ మధ్య సందులదో. లీకు ఆపకుండా పుట్టీ మీద పుట్టీ పెడితే ఉప్పు తెల్లగా పూసి రెండు నెలల్లో మళ్ళీ పెచ్చులు లేస్తాయి. అందుకే నేను పీవోపీ సీలింగ్ వద్దన్నాను. అది డబ్బు వృథా ఒక్కటే కాదు, పాత ఇంట్లో కొత్త సీలింగ్ కనబడితే తెలివైనవాడు "పైన ఏం దాచారు?" అనుకుంటాడు.

పైన రేకుల షెడ్డు ఉంటే ఇంకో ప్రశ్న వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళు ఎవరూ రేకుల్ని తేలిగ్గా తీసుకోరు. బిగింపులు సరిచేయించండి, లేదా పాతబడి ఊగుతుంటే తీసేయండి. ఖాళీ డాబా శుభ్రంగా కనిపించడమే మేలు.

రోడ్డు మట్టం మాట కూడా చెప్పాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైనే వేస్తారు. ఇరవై ఏళ్ళకి రోడ్డు పైకి, మన గుమ్మం కిందకి. వానొస్తే వీధంతా మనింటికే చుట్టం. ఇంటిని జాకీలతో ఎత్తే బృందాలు మన రాష్ట్రాల్లోనూ పనిచేస్తున్నాయి, వీడియోలు చూసే ఉంటారు. అమ్మే ఇంటికి అంత అక్కర్లేదు. గేటు దగ్గర గట్టు, దాని వెనక జాలీ వేసిన కాలువ, ముందు ఆవరణ వాలు సరిచేయడం, వీటితో చాలా ఇళ్ళలో సమస్య అదుపులోకి వస్తుంది. కాకపోతే గట్టు మరీ ఎత్తు పెడితే కారు ఎక్కదు.

కారు అన్నాను కాబట్టి, గేటు. పాత ఇళ్ళకి మనుషులు నడిచే గేటే ఉంటుంది. కాంపౌండ్ లోపల చోటుండి, గేటు వెడల్పు చేస్తే కారు పడుతుందంటే అది మంచి ఖర్చు. ఇవాళ కారు లేనివాడు కూడా రేపు కొంటానని లెక్కేసుకునే వస్తాడు.

అమెరికాలో ఏ పనికి ఎంత తిరిగొస్తుందో ఏటా కాస్ట్ వర్సెస్ వాల్యూ అనే నివేదిక వేస్తారు. 2024లో అందులో మొదటి స్థానం గ్యారేజీ తలుపుకి, తర్వాత ఇంటి ముందు తలుపుకి. ఖరీదైన కిచెన్ పూర్తిగా మార్చిన పనికి పెట్టినదాంట్లో సగం కూడా రాలేదు. వాళ్ళ అంకెలు మనకి పనికిరావు, చెక్క ఇళ్ళు, వేరే మార్కెట్. కారణం మాత్రం ఇక్కడా అదే. ముందు తలుపు అందరికీ కనిపిస్తుంది, ఖర్చు తక్కువ, ఎవరి అభిరుచికీ అడ్డురాదు. కిచెన్ అనేది ఒక్కొక్కరిది ఒక్కో టేస్టు. మీరు ఎర్ర లామినేట్ ముచ్చటపడి పెట్టిస్తే, కొనే ఆవిడ దాన్ని పీకించే ఖర్చు లెక్కేస్తుంది. పైగా చవక పార్టికల్ బోర్డు మన చెమ్మకి ఉబ్బుతుంది. గ్రానైట్ గట్టు, స్టీలు సింకు, కారని కుళాయి, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఇవి చాలు.

టాయిలెట్ మాత్రం వదలొద్దు. పాత ఇంట్లో ఉన్న రెండూ నేల మీద కూర్చునేవే అయితే ఒకటి వెస్ట్రన్ చేయించండి. ఇల్లు చూడ్డానికి వచ్చే కుటుంబంలో మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ ఒకరు ఉంటారు, ఆ ఇంట్లో చివరి మాట ఆవిడదే.

నేల మొజాయిక్ అయితే పగలగొట్టకండి. పాలిష్ పెట్టించండి, టైల్స్ ఖర్చులో చిన్న భాగమే అవుతుంది. కరెంటు విషయంలో కంటికి కనబడని పని ఒకటి చేయించండి. ఎర్తింగ్, షాక్ కొడితే లైను ఆపేసే ఆర్‌సీసీబీ, బెడ్‌రూమ్‌లో ఏసీకి విడిగా మందపాటి వైరు. మామూలు ప్లగ్గు వైరు మీద ఏసీ నడిపితే వైరు వేడెక్కుతుంది. "ఏసీ పాయింట్ ఉంది, ఎర్తింగ్ కొత్తది" అని చెప్పగలిగితే ఉద్యోగం చేసుకునే జంటకి అది పెద్ద మాట.

వాస్తు గురించి అడుగుతారని తెలుసు. నాకు నమ్మకం లేదు. కానీ అమ్మేటప్పుడు నా నమ్మకంతో పని లేదు, కొనేవాళ్ళది కావాలి. కొత్తగా ఏదైనా కట్టేటప్పుడు ఈశాన్యంలో టాయిలెట్టో సెప్టిక్ ట్యాంకో పెట్టకండి, ఊరికే సగం మందిని పోగొట్టుకుంటారు. అలాగని అమ్మే ముందు వాస్తు కోసం గోడలు కొట్టించకండి. మీ సిద్ధాంతి చెప్పినట్టు మెట్లు మారుస్తారు, కొనేవాళ్ళ సిద్ధాంతి వచ్చి ముందున్నదే బాగుందంటాడు.

సోలార్. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వస్తుంది. ఐదారేళ్ళు ఉండే ఇంటికి పెట్టండి, బిల్లు తగ్గుతుంది. ఆరు నెలల్లో అమ్మేసే ఇంటికి తొందరపడొద్దు. పెట్టేటట్టయితే డాబా లీకులన్నీ ఆపాకే. ప్యానెళ్ళు బిగించాక కింద పగులు కనబడితే మొత్తం విప్పాలి.

మావయ్యకి చివరికి నేను రాసిచ్చిన వరస ఇది. ముందు కాగితాలు, తర్వాత డాబా, బాత్రూమ్, తర్వాత కరెంటు, గేటు, అన్నీ అయ్యాక ఆఖర్న లేత రంగు పెయింట్. నా అంచనా రెండున్నర లక్షల లోపు. మిగతా మూడున్నర బ్యాంకులోనే ఉంచమన్నాను. "మరి ఇల్లు కొత్తగా కనబడదు గదరా" అన్నాడు. కొత్తగా కనబడక్కర్లేదు మావయ్యా, చూసినవాళ్ళకి భయం వేయకపోతే చాలు అన్నాను. ఆయనకి ఇంకా కిచెన్ మీద మనసుంది, అది వేరే సంగతి.

ఇంకొక్కటి, పన్ను. ఇల్లు అమ్మితే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ ఉంటుంది. రెండేళ్ళు దాటిన ఇంటికి, 2024 జూలై 23 కన్నా ముందు కొన్నదైతే, ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం గానీ ఇండెక్సేషన్‌తో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అది. లాభం లెక్కేసేటప్పుడు ఇంటికి పెట్టిన పెద్ద ఖర్చు, అంటే కొత్త గది, కాంపౌండ్ గోడ, బోరు లాంటివి తీసేయొచ్చు. పెయింట్, చిన్న రిపేర్లు కుదరవు. వచ్చిన లాభాన్ని నియమాల ప్రకారం గడువులోగా ఇంకో ఇంట్లో పెడితే మినహాయింపు కూడా ఉంది. అవన్నీ చూపించాలంటే బిల్లులుండాలి. మేస్త్రీకి చేతికిచ్చి మర్చిపోతే ఆ ఖర్చు చూపించలేరు. యూపీఐలో కట్టండి, సిమెంటు, ఇనుము బిల్లులు మీ పేరు మీద తీసుకోండి, ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో పడేయండి. ఈ పని ఇంట్లో మీకన్నా బాగా ఎవరూ చేయలేరు.

వచ్చే ఎపిసోడ్‌లో ఈసీ తెరిచి అందులో ఒక్కో గడి ఏమిటో స్క్రీన్ మీద చదువుదాం. ఈలోగా మీ ఇంటి దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పేరు నాన్నని అడిగి రాసి పెట్టుకోండి, అవి లేకుండా కూర్చుంటే టైం వేస్ట్. ఉంటా మరి.